సరిహద్దు దాటవలసిన దాంపత్యము



ఎవరి స్మృత్యర్థమై మనమిచ్చట సమావేశమైతిమో ఆ న్యాయవాది తమ వృత్తిజీవితమున అధికభాగము దంపతుల వ్యాజ్యములలోనే గడిపిరి. అందును కడపటి సంవత్సరములలో వారిని ఆశ్రయించినవారు తఱచుగా సముద్రమునకు ఈవల ఒకరును ఆవల ఒకరునుగా మిగిలిపోయిన భార్యాభర్తలు. కావున ఒక దేశమున స్థిరపడినవారు పరదేశస్థులను పెండ్లాడి తమయొద్దకు తెచ్చుకొనదలచినపుడు ఆ రాజ్యము వారినేమని అడుగును, అట్లడుగుటకు దానికి గల అధికారమెంత, ఆ విచారణలో దంపతులకు కలుగు హాని యెట్టిది అను విషయమును నేటి ప్రసంగమునకు గ్రహించితిని. సకలదేశముల చట్టములను చుట్టివచ్చుట నా యుద్దేశము కాదు. మన ఊళ్లనుండి ఏటేట పిల్లలు పోవుచున్న అమెరికా సంయుక్తరాష్ట్రముల చట్టమునే ప్రధానముగా పరిశీలింతును.

నా యభిప్రాయమును మొదటనే విన్నవింతును. రాజ్యము తన సరిహద్దును కాపాడుకొనుటను నేను తప్పుపట్టను. వీసా కొఱకు మాత్రమే జరుగు దొంగపెండ్లిండ్లు లేవనియు అనను. కాని ఈ చట్టములు దాంపత్యమును ఇద్దరి హక్కుగా భావింపక, లోపలనున్న ఒకరు వెలుపలనున్న వేఱొకరి కొఱకు పెట్టుకొను అర్జీగా నిర్మించినవి. అందువలన వచ్చువారికి గుమ్మమువద్ద తమ పక్షమున మాట్లాడు అధికారము లేదు; లోనికి వచ్చిన పిదప, సంతకము పెట్టవలసినవారికి ఎదురుచెప్పు ధైర్యమును ఉండదు. మొదటిదానిని గూర్చి పండితులు చాల వ్రాసిరి. రెండవది ఇండ్లలోపల జరుగునది గనుక అంతగా వెలుగులోనికి రాలేదు. నా మనస్సును ఎక్కువగా కలచునది అదియే.

చరిత్రను కొంత తడవవలసియున్నది. 1917లో అమెరికను కాంగ్రెసు ఆసియాఖండమున అధికభాగమునకు, అందు మన దేశమునకును, వలసద్వారమును మూసివేసెను. అప్పటికే కాలిఫోర్నియాకు పోయి పొలములలో స్థిరపడిన పంజాబీ కృషీవలులలో అనేకులు స్వగ్రామములలో భార్యలను విడిచిపోయినవారు. వారు తిరిగిపోయినచో మరల రాలేరు, భార్యలను రప్పింతమన్న దారి లేదు. ఇంపీరియల్ లోయలోను, యూబా సిటీ పరిసరములలోను వారు మెక్సికో స్త్రీలను వివాహమాడిరి. ఇట్టి కుటుంబములు వందలకొలది వెలసినవి, వారి సంతానమునకు స్పానిషు పేరు ముందును సింగ్ అను పేరు వెనుకను నిలిచినవి. దానిని రెండు సంస్కృతుల సమ్మేళనమని ముచ్చటగా వర్ణించుట కలదు. అది నిజమే యైనను, పంజాబు పల్లెలలో భర్తృవిహీనలవలె ముసలివారైన మొదటి భార్యలను ఆ వర్ణనకర్తలు స్మరింపకుండుట నాకు బాధాకరముగా తోచును. 1946 జూలైలో లూస్-సెల్లర్ చట్టము వచ్చి, భారతీయులకు పౌరసత్వార్హతను, ఏడాదికి నూరుమంది చొప్పున ప్రవేశమును అనుగ్రహించునప్పటికి వారిలో ఎందఱి వయస్సు మీఱిపోయినదో ఊహించుకొనవచ్చును.

పరదేశిని పెండ్లాడినవారు తామే స్వదేశమున పరదేశులగుటయు ఆ కాలముననే జరిగినది. 1922 నాటి కేబుల్ చట్టము స్త్రీలకు స్వతంత్ర పౌరసత్వమును ప్రసాదించినదని కీర్తి పొందినది. కాని పౌరసత్వమునకు అనర్హుడైన విదేశీయుని పెండ్లాడిన అమెరికను స్త్రీ తన పౌరసత్వమును కోల్పోవునని అందొక నిబంధన ఉండెను. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వమునకు అనర్హులని తీర్పు చెప్పుటతో ఆ నిబంధన మనవారి ఇండ్లమీద పడెను. వంగదేశీయ విప్లవకారుడు తారకనాథ దాసును వివాహమాడిన మేరీ దాసు పుట్టిన దేశముననే ఏ దేశమునకును చెందని స్త్రీయై, తన దుఃస్థితిని గూర్చి 1926లో పత్రికాముఖమున లోకమునకు చాటెను. ఆ నిబంధన 1931లో తొలగినది. ఇక అమెరికను పౌరురాలు తన విదేశీయ భర్తను కోటాతో పనిలేకుండ, పురుషుడు తన భార్యను తెచ్చుకొనినట్లు, తెచ్చుకొను సమానాధికారము 1952 వరకు పూర్ణముగా లభింపలేదు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిదప సైనికులు విదేశములలో పెండ్లాడిన భార్యలను తెచ్చుకొనుటకై 1945 డిసెంబరు 28వ తేదిని ఒక ప్రత్యేక చట్టము వచ్చెను. ఆ చట్టపు నీడలో నడచిన ఒక కథను కొంచెము వివరముగా చెప్పుటకు అనుమతింపుడు. ఏలయన న్యాయస్థానములు నేటికిని ఆ కథలోని తీర్పునే ఆశ్రయించుచున్నవి. ఎలెన్ నాఫ్ జర్మనీలో పుట్టి, హిట్లరు భయమున ఇంగ్లండుకు పారిపోయి, యుద్ధకాలమున బ్రిటిషు వైమానికదళమున పనిచేసి, యుద్ధానంతరము జర్మనీలో అమెరికను సైన్యపు కార్యాలయములో ఉద్యోగము చేయుచు, 1948 ఫిబ్రవరిలో కుర్ట్ నాఫ్ అను అమెరికను పౌరుని, పూర్వసైనికుని, పెండ్లాడెను. ఆ ఆగస్టులో ఆమె న్యూయార్కు రేవు చేరగా అధికారులు ఆమెను ఎల్లిస్ ద్వీపమున నిర్బంధించిరి. కొన్ని వారములకు అటార్నీ జనరలునుండి ఉత్తరువు వచ్చెను: ఈమె ప్రవేశము దేశప్రయోజనములకు హానికరము, విచారణ జరుపనక్కఱలేదు. హాని యెట్టిది, చెప్పినవారెవరు, ఆధారమేది? భర్తకు తెలుపలేదు, భార్యకు తెలుపలేదు, తుదకు న్యాయస్థానమునకును తెలుపలేదు. 1950 జనవరి 16వ తేదిని సుప్రీంకోర్టు నలువురు ఒకవైపు, మువ్వురు వేఱొకవైపు నిలిచి, ప్రవేశము కోరు విదేశీయునికి కాంగ్రెసు ఏ విధానమును నిర్ణయించిన అదియే న్యాయవిధానమని తేల్చెను. భిన్నాభిప్రాయులలో ఒకరైన జస్టిస్ జాక్సన్, న్యూరెంబర్గులో నాజీలపై అభియోగము నడిపిన మనుష్యుడు, రహస్యసాక్ష్యముతో ఒక పౌరుని భార్యను వెలివేయుటను తీవ్రముగా నిరసించెను.

అంతటితో కథ ముగియలేదు. పత్రికలు పట్టుకొనినవి, కాంగ్రెసు సభ్యులు కదలిరి. ప్రభుత్వము 1951లో విచారణ జరుపక తప్పలేదు. సాక్షులు వచ్చి మాట్లాడిరి. ఆమె చెకోస్లొవాకియా ప్రతినిధివర్గమునకు రహస్యములు చేరవేసినదను అభియోగమునకు విన్నమాటలే తప్ప తగిన ఆధారము లేదని వలసవిషయముల అప్పీళ్ల బోర్డు తేల్చగా, ఆ సంవత్సరము నవంబరులో ఆమె లోనికి విడువబడెను. విచారణ ఒక్కటి మొదటనే జరిగియుండినచో మూడేండ్లు మిగిలెడివి. కాని ఆమె విముక్తి పొందినను తీర్పు మాత్రము పుస్తకములలో నిలిచిపోయినది, ఆమెనుగూర్చి ఎఱుగనివారిమీద గూడ ప్రయోగింపబడుచున్నది.

ఆ కాలముననే దొంగపెండ్లిండ్లును బయటపడినవి. పోలండునుండి బ్రతికి బయటపడిన బంధువులను అమెరికా చేర్చుటకై కొందఱు మాజీసైనికులకు డబ్బిచ్చి పారిస్‌లో వారికి పెండ్లిండ్లు చేయించి, వచ్చినపిదప విడిపోవునట్లు ఒప్పందము చేసిన వ్యాజ్యము 1953లో సుప్రీంకోర్టుకు వెళ్లెను, శిక్షలు నిలిచినవి. చట్టము అడుగవలసిన ప్రశ్న అప్పుడే స్థిరపడెను: పెండ్లినాడు వీరు కలిసి కాపురము చేయదలచిరా, లేదా? ఇది ధర్మమైన ప్రశ్న. దీనికి సమాధానమును ఏ సాధనములతో కనుగొందురు అనుచోటనే చిక్కు పుట్టుచున్నది.

1986లో అమెరికను కాంగ్రెసు వివాహవంచనను నిరోధించుటకు కొత్త చట్టము చేసెను. ఈ పెండ్లిండ్లలో నూటికి ముప్పదివంతులు మోసమేనని వలసశాఖ కమిషనరు సభాముఖమున సాక్ష్యమిచ్చెను. ఆ గణన శాస్త్రీయముగా నిలువదని ఆ శాఖయే పిమ్మట ఒప్పుకొనవలసివచ్చెను. లెక్క పోయినది, చట్టము మిగిలినది. దానిప్రకారము పెండ్లియై రెండేండ్లు నిండనివారికి గ్రీన్‌కార్డు షరతులతో మాత్రమే లభించును. ఆ కార్డు వచ్చిన రెండేండ్లు ముగియుటకు ముందటి తొంబది దినములలో భార్యాభర్తలు ఇద్దరును కలిసి దరఖాస్తు చేసినగాని ఆ షరతు తొలగదు. ఆ రెండేండ్లు ఒక ఇంటిలో ఎట్లు గడచునో ఆలోచింపుడు. ఒకరి సంతకము లేనిదే మఱియొకరికి ఆ దేశమున నిలువ నీడ లేదు. ఆ సంగతి ఇద్దరికిని తెలియును. సాంబారులో ఉప్పు తక్కువైన దినమున గూడ ఆ సంగతి ఆ భోజనపుబల్లమీద ఉండును. మంచి భర్తకు అది గుర్తు రాదు. చెడ్డభర్తకు అది కొరడా.

ఆ దోషమును కొంత దిద్దినవారు అమెరికను స్త్రీలే. 1990లో హింసింపబడిన భార్య ఒంటరిగా దరఖాస్తు చేయవచ్చునను సవరణ వచ్చెను. 1994లో స్త్రీలపై హింసానిరోధక చట్టము ఇంకొక మెట్టెక్కి, పౌరునికో గ్రీన్‌కార్డుదారునికో భార్యయై హింస ననుభవించినవారు అతనికి తెలియకయే స్వయముగా వలసార్జీ పెట్టుకొను హక్కును ప్రసాదించెను. దాంపత్యమున వచ్చువారిని అర్జీలోని ఒక వస్తువుగా గాక మనిషిగా చట్టము చూచిన మొదటి సందర్భములలో ఇది ఒకటి. దీనిని నేను గొప్ప సంస్కరణగా ఎన్నుదును.

ఇట మనవారి సంగతి చెప్పవలెను. తెలుగువారి అమెరికా సంబంధములలో వరుడు పౌరుడుగాని గ్రీన్‌కార్డుదారుడుగాని కానక్కఱలేదు; తఱచుగా ఎచ్-1 అను తాత్కాలిక ఉద్యోగపు వీసామీద ఉండును, భార్య ఎచ్-4 అను ఆశ్రితుల వీసామీద పోవును. ఇప్పుడు చెప్పిన స్వయమర్జీ హక్కు ఆమెకు వర్తింపదు. ఎచ్-4 భార్యలలో కొందఱికి, భర్తల గ్రీన్‌కార్డు వ్యవహారము ఒక దశ చేరినవారికి, ఉద్యోగము చేయు అనుమతి 2015లోగాని రాలేదు. విడాకులైననాడే ఆమెకు ఆ దేశమున నిలుచు ఆధారము పోవును. భారతీయుల ఉద్యోగపు గ్రీన్‌కార్డు వరుస దశాబ్దములు సాగునది గనుక ఈ పరాధీనత రెండేండ్లతో తీరునది కాదు. పెళ్లిచూపుల నాడు జీతమెంత, ఇల్లు కొన్నాడా, ఏ ఊరు అని మనము గ్రుచ్చిగ్రుచ్చి అడుగుదుము. అబ్బాయి ఏ హోదాలో ఉన్నాడు, దానివలన అమ్మాయికి ఏ హక్కు కలుగును అని అడుగు పెద్దలు అరుదు. కట్నకానుకల చర్చకు పట్టిన ప్రొద్దులో పదవవంతు దీనికి పట్టదు.

గ్రీన్‌కార్డుదారుని భార్య ఇమిగ్రంటు వీసాకై ఇంటర్వ్యూకు పోవుట మనలో అనేకులకు తెలిసినదే. హైదరాబాదులో కాన్సులేటు ఉన్నను ఈ ఇంటర్వ్యూ ముంబయిలోనే. ఆమె చేతిలోని ఫైలులో శుభలేఖ, వివాహ రిజిస్ట్రేషను పత్రము, జీలకర్రబెల్లము పెట్టునాటి ఫోటో, తలంబ్రాలనాటి ఫోటో, విమానపు టిక్కెట్లు, ఫోను సంభాషణల పట్టికలు. ఉమ్మడి బ్యాంకు ఖాతా లేదు, ఉమ్మడి అద్దెపత్రము లేదు, ఎట్లుండును? పెండ్లియైన కొలదివారములకే అతడు సెలవు ముగిసి వెళ్లిపోయెను. అమెరికాలోపలనే దరఖాస్తు చేయువారి పెండ్లిమీద అనుమానము కలిగినచో దంపతులను వేఱువేఱు గదులలో కూర్చుండబెట్టి ఒకే ప్రశ్నలను ఇద్దరినీ అడుగుదురు: వంటింటిలో పొయ్యి గ్యాసుదా కరెంటుదా, నిన్న రాత్రి ఏమి తిన్నారు, మంచమున ఎవరు ఏ ప్రక్క పడుకొందురు. న్యూయార్కులో 1976లో కుదిరిన ఒక న్యాయస్థానపు ఒప్పందమువలన ఇట్టి విచారణలో న్యాయవాదిని వెంట నుంచుకొనుటకును, వివరములు రికార్డగుటకును రక్షణలు ఏర్పడినవి. పరిచయము, ప్రేమ, పెండ్లి అను వరుసనే సహజమని యెంచు అధికారికి, గంటసేపటి పెళ్లిచూపులతో జీవితమును ముడివేసికొనిన దంపతులు అనుమానాస్పదులుగా తోచుట వింతకాదు. కాని ముందు పెండ్లి, పిదప పరిచయము అను క్రమమున మన తల్లిదండ్రులు నిండుకాపురములు చేసిరి. దానిని అధికారికి తెలియజెప్పు భారము ఇరువది రెండేండ్ల పిల్లమీద, పరభాషలో, గాజుకిటికీకి ఈవల నిలుచుండబెట్టి మోపుట న్యాయము కాదు.

ఇంగ్లండు ఇంతకన్న క్రూరమైన పరీక్ష చేసెను. వివాహమాడుటకై లండను హీత్రూ విమానాశ్రయమున దిగిన ముప్పది యైదేండ్ల భారతీయ ఉపాధ్యాయినిని, ఆమె నిజముగా అవివాహితయేనా యని తేల్చుకొనుటకై, కన్యాత్వపరీక్షకు లోనుజేసిన వార్త 1979 ఫిబ్రవరిలో వెలువడి లోకమును నివ్వెఱపఱచెను. ఆ యాచారము మానిపింపబడెను. మఱుసటి సంవత్సరమే, పెండ్లికి ప్రధానప్రయోజనము వలసయేనని అధికారికి తోచినచో భర్తలకు ప్రవేశము నిరాకరింపవచ్చునను నియమము వచ్చెను. అది 1997 వరకు నిలిచెను. తమ భర్తలకు ప్రవేశము నిరాకరింపబడిన మువ్వురు స్త్రీలు స్ట్రాస్‌బర్గులోని యూరోపియను మానవహక్కుల న్యాయస్థానమునకు పోయి 1985 మేలో గెలిచిరి. పురుషులు భార్యలను తెచ్చుకొనుటకు లేని అడ్డు స్త్రీలకు ఉండుట లింగవివక్ష యని తేలెను. ప్రభుత్వము సమానత్వమును ఎట్లు పాటించెననగా, భార్యల ప్రవేశమును గూడ భర్తల ప్రవేశమంత కఠినము చేసెను. ఇప్పుడక్కడ ప్రధానమైన అడ్డు ధనము: 2012లో ఏడాదికి 18,600 పౌనులు సంపాదించువారే విదేశీయ భార్యనో భర్తనో తెచ్చుకొనవచ్చునని నియమింపబడగా, 2024 ఏప్రిలులో అది 29,000 పౌనులకు పెరిగెను. తక్కువ సంపాదించువారి ప్రేమకు తక్కువ విలువ కట్టుట యిది.

అమెరికాలోను ఆదాయపు షరతు కలదు గాని, అందొక విశేషమున్నది. దానిని మన ఆడపిల్లలందఱును తెలిసికొనవలెను. 1996 నాటి చట్టము ననుసరించి, గ్రీన్‌కార్డు కొఱకు భార్యను తెచ్చుకొనువాడు పేదరికపు రేఖకు నూట యిరువదియైదు శాతము మేర ఆమెను పోషింతునని సంతకముచేసి ఇచ్చు పత్రము ప్రభుత్వముతో చేసికొనిన ఒప్పందము. ఆమెయు దానిని న్యాయస్థానమున అమలుజరిపించుకొనవచ్చును. విడాకులతో అది రద్దు కాదు. ఆమె పౌరురాలగువరకో, పదియేండ్ల పని లెక్క పూర్తియగువరకో, దేశము విడిచిపోవువరకో, ఇద్దరిలో ఒకరు మరణించువరకో అది నిలుచును. భర్త విడిచినపుడు చేతులు ముడుచుకొని తిరుగువిమానమెక్కిన మన పిల్లలలో ఎందఱికి ఈ పత్రము సంగతి తెలియును?

ఇక విడిచిపెట్టుట యనగా ఎట్లుండునో 1975లో తిరుపతిలో పెండ్లియైన ఒక దంపతుల వ్యాజ్యము చూపును. భర్త అమెరికాలో మిస్సోరి రాష్ట్రమున తొంబది దినములు నివసించితినని చెప్పి 1980లో అక్కడి న్యాయస్థానమున విడాకులు పొంది, మరుసటి సంవత్సరము యాదగిరిగుట్టలో రెండవ పెండ్లి చేసికొనెను. మొదటి భార్య పోరాడెను. 1991 జూలైలో మన సుప్రీంకోర్టు ఆ విడాకులు చెల్లవనియు, దంపతులకు వర్తించు వివాహచట్టము గుర్తింపని న్యాయస్థానము, ఆ చట్టమున లేని కారణమున ఇచ్చు తీర్పు ఇక్కడ పనికిరాదనియు ప్రకటించెను. ఒక తెలుగుస్త్రీ పట్టుదలవలన దేశమందలి భార్యలందఱికిని లభించిన రక్ష యిది. 2019లో ప్రవాసభారతీయుల వివాహములను నమోదుచేయించుటకై రాజ్యసభలో బిల్లు ప్రవేశపెట్టబడినది. 2024లో లా కమిషను తన 287వ నివేదికయందు సమగ్రచట్టము కావలెనని సిఫారసు చేసినది.

పరదేశముల దోషములనే ఎన్నినచో పక్షపాతియనిపించుకొందును. భారతీయుని పెండ్లాడిన విదేశీయురాలు మన పౌరసత్వము కోరినచో ఏడేండ్లు ఇక్కడ నివసింపవలెను. పెండ్లి నమోదై రెండేండ్లు నిలిచినగాని, విదేశస్థ భారతపౌరులుగా గుర్తించు ఓసీఐ కార్డుకు అర్హత లేదు. ఇవి యట్లుంచుడు. భార్యగా ఆ కార్డు పొందినవారికి విడాకులైనచో కార్డును రద్దుచేయవచ్చునని మన పౌరసత్వ చట్టముననే కలదు. పదునైదేండ్లు మన ఊరిలో కాపురముచేసి, తెలుగు నేర్చి, పిల్లలను బడికి పంపుచున్న స్త్రీ భర్తతో విడిపోయినంతమాత్రమున ఈ నేలకు పరాయిదగుట ధర్మమా? వారి దేశమున మన పిల్లలకు జరుగు హానియే మన దేశమున వారి పిల్లలకు జరుగుచున్నది. ఈ నిబంధన తొలగవలెనని నేను గట్టిగా కోరుచున్నాను.

మరల గుమ్మమువద్దకు వత్తము. 2024 జూన్ 21వ తేదిని అమెరికను సుప్రీంకోర్టు మున్యోజ్ వ్యాజ్యమున, పౌరునికి తన విదేశీయ భార్యను లేక భర్తను దేశమునకు తెచ్చుకొను మౌలికమైన హక్కు లేదని చెప్పెను. ఆ వ్యాజ్యమున భర్త ఎల్ సాల్వడారు పౌరుడు. చట్టవిరుద్ధకార్యములకై వచ్చుచున్నాడను అనుమానముతో వీసా నిరాకరింపబడెను. దుండగుల ముఠాకు చెందినవాడని అధికారులు తలచిరను సంగతి దావా వేసినపిదపగాని భార్యకు తెలియలేదు. అతని దేహముమీది పచ్చబొట్లకు ఏ ముఠాతోను సంబంధము లేదని అట్టి విషయములలో నిపుణుడొకడు చెప్పినను ఫలితము లేకపోయెను. 1950 నాటి నాఫ్ తీర్పును అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు ఆధారము చేసికొనిరి. జస్టిస్ సోటొమాయర్, ఇద్దరు తోడి న్యాయమూర్తులతో కలిసి, వివాహమను హక్కులో కలిసి జీవించుట అంతర్భాగము కాదా యని భిన్నాభిప్రాయము వ్రాసిరి. నేను ఆమె పక్షమువాడను. వీసా ఇచ్చితీరవలెనని నేననను. కారణమును చెప్పుడు, సమాధానము వినుడు, ఆ సమాధానమును చూచి మరల నిర్ణయింపుడు అని మాత్రమే అందును. ఎలెన్ నాఫ్‌కు 1951లో లభించిన విచారణ ఏ మాత్రము రాజ్యమును కూలద్రోయలేదు.

అమెరికను చట్టమును మనము మార్చలేము. మన చేతిలోనున్న పని యొకటి కలదు. ఆంధ్రదేశమునను తెలంగాణమునను వివాహములు రిజిస్ట్రారు కార్యాలయములలో నమోదగుచున్నవి. వధూవరులలో ఒకరు విదేశమున నివసించువారైనచో, నమోదునాడే తెలుగులో ఒక పత్రమును వధువు చేతికిచ్చుట ప్రభుత్వమునకు పెద్ద వ్యయము కాదు. వరుని వీసా హోదా ఏది, దానివలన ఆమెకు కలుగు హక్కులేవి, ఏ యే పత్రముల నకళ్లు ఆమెయొద్ద ఉండవలెను, పాస్‌పోర్టును ఎవరికిని స్వాధీనము చేయరాదని, పోషణపత్రమునకు గల బలమెట్టిది, హింస జరిగినచో ఏ చట్టము వర్తించును, ఏది వర్తింపదు అను సంగతులు అందుండవలెను. ఈ సభలోని న్యాయవాదులలో ఇద్దరు ముగ్గురు పూనుకొనినచో దాని ముసాయిదా నెలలోపల సిద్ధమగును. దానిని స్త్రీశిశుసంక్షేమశాఖకు సమర్పించుటకు నేనును మీవెంట వత్తును.